భయపెట్టే ప్రకటన ఎవరికి తగులుతుంది?
కటువుగా ఉన్నా సరే, ఉలిక్కిపడేలా చేసే ప్రకటనలే పిల్లల ఊబకాయం విషయంలో తల్లిదండ్రులను కదిలిస్తాయని ఒక వ్యాసంలో చదివాను; ఆ వ్యాసకర్త వాదనతో నేను సగం వరకే ఏకీభవించగలను. అందుకు ఉదాహరణగా చూపిన, అమెరికాలోని అట్లాంటా పిల్లల ఆసుపత్రి వారి ‘స్ట్రాంగ్ ఫర్ లైఫ్’ ప్రచారం, 2011లో లావుగా ఉన్న పిల్లల నలుపు తెలుపు ఛాయాచిత్రాల కింద హెచ్చరికలు రాసి, బిడ్డ బరువును సమస్యగా గుర్తించని పెద్దలను మేల్కొల్పాలనుకున్న మాట నిజమే కాని, ఆ బోర్డులను పెద్దలతో పాటు అలాంటి శరీరమే ఉన్న పిల్లలూ, వారి తోటివారూ చూస్తారు. విమర్శ తలెత్తింది అక్కడే. విజయనగరంలో మా అమ్మాయి చదివిన బడిలో ఇటువంటి గోడపత్రిక అంటించిన వారం లోపే, కాస్త బొద్దుగా ఉండే ఒక పాపను తోటి పిల్లలు ‘పోస్టరు’ అని పిలవసాగారు. ఆ పాప ఆటల పీరియడ్‌కు రావడమే మానేసింది. (బిడ్డ బొద్దుగా ఉంటే దిష్టి తీసి మురిసిపోయే మా ప్రాంతపు పెద్దలు మాత్రం ఆ పత్రిక వంక చూడనైనా లేదు.) భయం పనిచేయాలంటే దాని పక్కనే చేయగలిగిన పనేదో కూడా చెప్పాలి, చెప్పకపోతే చూసినవారు ఆ సందేశాన్నే తోసిపుచ్చుతారు. ఇంట్లో చోడి (రాగి) అంబలి పోయి బిస్కెట్లు వచ్చి చేరగా, బడి గేటు ఎదుటే చిప్స్ పొట్లాలు, కూల్‌డ్రింకులు అమ్ముతుండగా, నేరమంతా బిడ్డ శరీరానిదే అన్నట్టు బొమ్మ వేయడం నాకు న్యాయంగా తోచలేదు. ఆ గోడపత్రిక మీద పాప బొమ్మకు బదులు ఒక కూల్‌డ్రింకు సీసాలో ఎన్ని చెంచాల చక్కెర ఉంటుందో వేసి ఉంటే, వ్యాసకర్త మాటను నేనూ పూర్తిగా ఒప్పుకునేదాన్ని.