సోర్స్ అడిగితే సోర్సే ఇచ్చాడు

లినక్స్‌లో గ్రాఫిక్స్ డ్రైవర్ ఇన్‌స్టాలర్‌కి ఒక దురలవాటు ఉంది. దానికి కావలసింది ఒకటి, నోరు తెరిచి అడిగేది ఇంకొకటి. "ప్రస్తుతం నడుస్తున్న కెర్నెల్ సోర్స్ కనబడలేదు. సోర్స్ ఫైళ్లు ఇన్‌స్టాల్ చేశారా, సరిగ్గా కాన్ఫిగర్ చేశారా చూసుకోండి" అంటుంది. కెర్నెల్ అంటే లినక్స్ గుండెకాయ, సోర్స్ అంటే దాని మూల కోడ్. చదివినవాడు ఏం చేస్తాడు? సోర్స్ తెచ్చి దాని మొహాన పడేస్తాడు. మా మేనల్లుడూ అదే చేశాడు.

వాడు కొత్తగా డెబియన్ 12 అనే లినక్స్ రకానికి మారాడు. ప్యాకేజీల్లో వెతికితే లినక్స్-సోర్స్-6.1 అని కళ్లెదుటే కనబడింది. పేరులోనే సోర్స్ ఉంటే ఇంకేం అనుమానం? 100 ఎంబీ దాటిన ఆ ప్యాకేజీ దిగి, ఒక మూల టార్ ఫైలుగా ముడుచుకుని కూర్చుంది. వీడు ఊరుకోలేదు, విప్పాడు. జీబీకి పైగా సరుకు, 70 వేలకు పైగా ఫైళ్లు. వాడి ల్యాప్‌టాప్‌లో లేని, ఇక ఎన్నటికీ రాని పరికరాలన్నిటి డ్రైవర్లూ అందులో ఉన్నాయి. గర్వంగా ఆ ఫోల్డర్ దారి ఇన్‌స్టాలర్‌కి చూపించాడు. అది పాత పాటే పాడింది.

ఫోన్ వచ్చింది. "మావయ్యా, సోర్స్ కావాలంది, సోర్సే ఇచ్చాను. ఇప్పుడు కాదంటుందేంటి?"

నిజానికి డ్రైవర్ మాడ్యూల్, అంటే కెర్నెల్‌కి తగిలించే ముక్క, కట్టడానికి కెర్నెల్ మొత్తం అక్కర్లేదు. ఏ స్ట్రక్చర్ ఎంత ఉంది, ఏ ఫంక్షన్‌ని ఎలా పిలవాలి, ఈ కెర్నెల్‌ని ఏ సెట్టింగులతో కట్టారు, ఈ సంగతులు చెప్పే హెడర్లు, వాటితోపాటు కొన్ని బిల్డ్ స్క్రిప్టులు, ఒక కంపైలర్ ఉంటే చాలు. తలుపు చేయించడానికి గుమ్మం కొలతలు తెమ్మంటే మావాడు ఇంటినే పెకలించి తెచ్చాడు. పైగా ఆ ఇల్లు కాన్ఫిగర్ చేసింది కూడా కాదు.

"లినక్స్-హెడర్స్ అని వెతకరా" అన్నాను. కాసేపు నిశ్శబ్దం.

"మావయ్యా, ఇక్కడ చాలా ఉన్నాయి. కామన్ అని ఒకటి, క్లౌడ్ అని ఒకటి, ఆర్‌టీ అని ఒకటి. మిగిలినదాని మీద ఏఎమ్‌డీ64 అని ఉంది. నాది ఇంటెల్ కదా, నాకు పడదు."

ఈ అనుమానం వాడొక్కడిదే కాదు. మామూలు పీసీ ప్రాసెసర్ల ఎక్స్86 పద్ధతికి 64 బిట్ల పొడిగింపు ముందు తయారుచేసింది ఏఎమ్‌డీ. 2003లో ఆప్టెరాన్ ప్రాసెసర్‌తో అది బయటికి వచ్చింది. తర్వాత ఇంటెల్ కూడా అదే దారి పట్టింది. డెబియన్ వాళ్లు మాత్రం కనిపెట్టినవాళ్ల పేరే ఉంచేశారు. అందుకని లోపల ఇంటెల్ ప్రాసెసర్ ఉన్నా ఏఎమ్‌డీ64 ప్యాకేజీయే వేసుకోవాలి. ఇదంతా చెప్పేలోపే మావాడు ఆర్‌టీ హెడర్లు దించేశాడు. ఎందుకురా అంటే, "రియల్ టైమ్ అట మావయ్యా, గేమ్ ఫాస్ట్‌గా ఆడుతుందని" అన్నాడు. నడుస్తున్నది మామూలు కెర్నెల్, తెచ్చింది రియల్ టైమ్ కెర్నెల్ హెడర్లు. ఇన్‌స్టాలర్ వాటి వంక కన్నెత్తి కూడా చూడలేదు.

ఈలోగా ఫెడోరా అనే ఇంకో లినక్స్ రకం వాడే స్నేహితుడొకడు రంగప్రవేశం చేశాడు. "హెడర్స్ కాదురా, కెర్నెల్-డెవెల్ వెయ్యి" అని సలహా. వాడి ఊళ్లో అది నూటికి నూరుపాళ్లు నిజం. ఫెడోరాలో కెర్నెల్-హెడర్స్ అనేది మామూలు ప్రోగ్రాములు కంపైల్ చేసుకోవడానికి, మాడ్యూళ్లకి కావలసింది కెర్నెల్-డెవెల్. ఓపెన్‌సూసేకి వెళ్తే అదే కెర్నెల్-డిఫాల్ట్-డెవెల్ అవుతుంది. డెబియన్‌లో ఆ పేరుతో ప్యాకేజీయే లేదు. లేదని చెప్పినా మావాడు స్పెల్లింగ్ మార్చి మార్చి కొట్టాడు.

చివరికి లినక్స్-హెడర్స్-ఏఎమ్‌డీ64 వేయించాను. అయినా పాత పాటే. ఇక్కడ నాక్కూడా ఒళ్లు మండింది. "యూనేమ్ హైఫన్ ఆర్ కొట్టి చదువు" అన్నాను. నడుస్తున్న కెర్నెల్ వెర్షన్ చెప్పే ఆదేశం అది. నడుస్తున్న కెర్నెల్ వెర్షన్ చివర 25, వచ్చిన హెడర్ల చివర 28. అప్‌డేట్ ఎప్పుడో అయింది, రీస్టార్ట్ మాత్రం కాలేదు. మావాడికి మూత మూసేయడమే తెలుసు, షట్‌డౌన్ తెలీదు.

అంకె కాస్త అటూ ఇటూ అయితే ఏమవుతుందని వాడి వాదన. కెర్నెల్ లోపలి ఇంటర్‌ఫేస్ ఎప్పుడైనా మారుతుందని, స్థిరంగా ఉంచే ఉద్దేశమే లేదని కెర్నెల్ వాళ్లు బాహాటంగా రాసిపెట్టుకున్నారు. గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ రాసిన ఆ పత్రం కెర్నెల్ సోర్స్‌లోనే ఉంటుంది. అంటే మావాడు దించిన ఆ జీబీలో వాడికి పనికొచ్చే కాగితం అదొక్కటే, అదే వాడు తెరవలేదు.

రీస్టార్ట్ చేశాక రెండు అంకెలూ కలిశాయి. మాడ్యూళ్లు కట్టిపెట్టే డీకేఎంఎస్ అనే పనిముట్టు మన మాడ్యూల్‌ని చక్కగా కట్టింది. ఇకపై కెర్నెల్ మారినప్పుడల్లా హెడర్లు కూడా వస్తుంటే అదే మళ్లీ కట్టుకుంటుంది. కానీ మాడ్యూల్ లోడ్ కాలేదు. నమ్మకమైన సంతకం ఉన్న కోడ్‌నే నడవనిచ్చే సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంది, సంతకం చెల్లని మాడ్యూల్‌ని కెర్నెల్ దగ్గరికి రానివ్వదు. మాడ్యూల్ మీద సంతకం చేసిన మన కీని నమోదు చెయ్యాలి. దానికి ముందు ఒక పాస్‌వర్డ్ పెట్టుకుని, రీస్టార్ట్ చేస్తే వచ్చే నీలి తెరలో అదే పాస్‌వర్డ్ చెప్పాలి. ఆ తెర 10 సెకన్లు మాత్రమే ఎదురుచూస్తుంది. మొదటిసారి అది వచ్చి వెళ్లిపోయింది. ఆ 10 సెకన్లూ మావాడు ఫెడోరా స్నేహితుడికి "అయిపోయిందిరా, వచ్చేసింది" అని మెసేజ్ పెడుతున్నాడు.

ఇక ఫోన్లో లాభం లేదని నేనే వెళ్లి పక్కన కూర్చున్నాను. కీ మళ్లీ దిగుమతి చేయించి, పాస్‌వర్డ్ వాడిచేతే పెట్టించి, వాడి ఫోన్ లాక్కుని జేబులో వేసుకున్నాను. రీస్టార్ట్. నీలి తెర వచ్చింది. కీబోర్డులో ఒక మీట నొక్కాడు, నమోదు ఎంచుకున్నాడు, కొనసాగించమన్నాడు, అవునన్నాడు. తెర పాస్‌వర్డ్ అడిగింది.

మావాడు మెల్లగా నావైపు తిరిగాడు.

"ఏం పెట్టాం మావయ్యా?"