నెత్తురు సరే, దిమాక్ సంగతేంటి?

రక్తపిశాచాల మీద నింద ఇకనైనా మానాలి. మౌస్‌తో తెర మీద నొక్కుతూ, పజిళ్లు విప్పుతూ కథ నడిపించే పాయింట్ అండ్ క్లిక్ గేముల్లో పాపం వాళ్లు తాగేది నెత్తురొక్కటే. దిమాక్ తినేవాడు వేరు, వాడే పజిల్ రాసినవాడు. ఈ రెండింటికీ తేడా హైదరాబాదీకి ఎవరూ నేర్పక్కర్లేదు.

సాక్ష్యం కావాలా? 1999లో సియెర్రా అనే కంపెనీ విడుదల చేసిన గాబ్రియేల్ నైట్ గేమ్ మూడో భాగం. ఫ్రాన్స్‌లో పసిబిడ్డను ఎత్తుకుపోయారు, వెనక నెత్తురు తాగే ముఠా ఉందని అనుమానం. హీరోగారు పరుగున వెళ్లాలి కదా! ముందు మోపెడ్ అద్దెకు తీసుకోవాలట. అందుకు మిత్రుడు మోస్లీ వేషం కట్టాలి, వేషానికి మీసం కావాలి. షెడ్డు తలుపు కన్నానికి టేపు అంటించి, పిల్లిని అందులోంచి తరిమి, టేపుకు అంటుకున్న బొచ్చును సిరప్‌తో మూతికి అతికించాలి. తీరా చూస్తే మోస్లీకి మీసమే లేదు! అందుకని అతని పాస్‌పోర్టు కొట్టేసి, ఫొటోకు మార్కర్‌తో మీసం గీయాలి. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. ఇందులో పిశాచం చేసిన తప్పేముంది?

ఈ తర్కానికి అమీర్‌పేటలో కోచింగ్ దొరకదు కాబట్టి లెక్క మనమే వేసుకోవాలి. హీరో జేబులో 12 వస్తువులుంటే, ఒకదానితో ఒకటి కలిపి చూడాల్సిన జతలు 66. వస్తువులు 20కి పెరిగాయా, జతలు 190. అన్నీ వరుసగా రుద్దుతూ కూర్చుంటే ప్రతి జతకూ హీరో ‘అది కుదరదు’ అంటాడు, అదే గొంతుతో. అంతకంటే ప్రతి వస్తువునూ ఓసారి ‘చూడు’ గుర్తుతో నొక్కడం నయం, సూచన తరచుగా ఆ వర్ణనలోనే దాక్కుంటుంది. కొత్త వస్తువు చేతికొస్తే పాత మనుషుల్ని మళ్లీ పలకరించాలి, మాట మారుస్తారు. సేవ్ ఎప్పుడూ కొత్త స్లాట్‌లోనే. పాత సియెర్రా గేముల్లో మొదట్లో వదిలేసిన వస్తువు చివర్లో అడ్డం తిరిగి, ముందుకూ వెళ్లనివ్వక, వెనక్కీ రానివ్వక చంపుతుంది. పైగా పిశాచాల కోట కదా, ప్రతి గదీ చీకటే, తాళంచెవి నాలుగు చుక్కలంత. మానిటర్ వెలుగు పెంచండి. కొన్ని గేముల్లో స్పేస్‌బారో, ట్యాబో నొక్కితే నొక్కదగిన చోట్లన్నీ మెరుస్తాయి. అది మోసం కాదు, కంటి వైద్యం.

పిలవనిదే గడప దాటకూడదన్నది పిశాచాల పాత నియమం. గచ్చిబౌలి అపార్ట్‌మెంట్ గేటు దగ్గర అది మనుషులకూ వర్తిస్తోంది, పిశాచాలను వేరుగా చూడ్డం అన్యాయం.

మర్యాదస్తులైన పిశాచాలూ లేకపోలేదు. 2008లో వచ్చిన ‘ఎ వాంపైర్ స్టోరీ’ గేమ్‌లో మోనా అనే ఒపెరా గాయని ఉంది. తాను పిశాచమైపోయానని ససేమిరా ఒప్పుకోదు. కానీ బరువైన వస్తువును జేబులో కుక్కదు, దాని ఆలోచన మాత్రం గుర్తుంచుకుని, అవసరమైనప్పుడు వెళ్లి తెచ్చుకుంటుంది. నిచ్చెనల్ని ప్యాంటులో దోపుకునే మానవ హీరోలు సిగ్గుపడాలి. ఆమె కోరికల్లా పారిస్ చేరి పాడటం. కథను సగంలో ఆపి, మిగతాది రెండో భాగంలో అన్నారు. ఆ రెండో భాగం ఇంతవరకూ రాలేదు. ఈ పాపం కూడా పిశాచాల ఖాతాలోనే రాస్తారేమో!