బాపమ్మా, నానమ్మా? ఒక వాదోపవాదం

(హనుమకొండలో ఒక ఇల్లు. మూడు నెలల పాప రేపు మాటలు నేర్చాక తండ్రి తల్లిని ఏమని పిలవాలన్న దగ్గర వాదం మొదలైంది. మామ రిటైరైన తెలుగు సారు, ఆ పాప నానమ్మకు తమ్ముడు. మేనకోడలు భాషాశాస్త్రం చదువుతోంది, పాపకు మేనత్త.)

మామ: మా అక్కను బాపమ్మ అనే పిలవాలి. మన కరీంనగర్, వరంగల్ పల్లెల్లో తండ్రి బాపు, ఆయన తల్లి బాపమ్మ. ఇప్పుడు ప్రతి ఇంట్లో నానమ్మే వినబడుతోంది.

కోడలు: ఏదైతే ఏముంది మామా? ఈ పిలుపులన్నిటికీ మూలం పసినోరే. పెదవులు కలిపి విడిస్తే మ, బ, ప పలుకుతాయి. భాషాశాస్త్రవేత్త రోమన్ యాకబ్సన్ 1960లో ఇదే రాశాడు. మానవశాస్త్రవేత్త జార్జ్ మర్డాక్ అనేక భాషల నుంచి పోగుచేసిన 1,072 తల్లిదండ్రుల పిలుపులు ఆయనకు ఆధారం. పాలు తాగే పాపకు నోరు ఖాళీ ఉండదు, ముక్కుతోనే గునుస్తుంది. అమ్మలోని 'మ' అక్కడిదేనంటాడు. వినేవాళ్లు తమనే పిలిచిందని మురిసిపోతారు.

మామ: అంటే శబ్దం పాపది, అర్థం పెద్దలది! జార్జియాలో 'మామా' అంటే తండ్రి, 'దేదా' అంటే తల్లి. టర్కీలో 'బాబా' తండ్రి, రష్యాలో 'బాబా' ముసలమ్మ. అంతా పసినోరే తేల్చేదైతే ఇంత తేడా ఎందుకొచ్చింది?

కోడలు: అందుకే పోలిక చూసి చుట్టరికం కలపొద్దంటారు. లాటిన్‌లో అవ్వను 'అవియా' అనేవారు. అంతమాత్రాన మన అవ్వ రోముకు పోలేదు. తమిళ అవ్వై, కన్నడ అవ్వ, మన అవ్వ మాత్రం ఒక్క కుదురువే. బర్రో, ఎమెనో తమ ద్రావిడ నిఘంటువులో వాటిని ఒకే చోట పెట్టారు.

మామ: ఆ అవ్వ సంగతే చూడు బిడ్డా. మన ఊళ్లలో 'అవ్వ అయ్య' అంటే కన్నవాళ్లు. రాయలసీమకు పోతే అవ్వ అంటే తల్లికో తండ్రికో తల్లి. ఒకే మాట ఒక తరం పైకి ఎట్లా ఎక్కింది? నాకు తోచేది ఇది. ఉమ్మడి ఇంట్లో తండ్రి తన తల్లిని 'అవ్వా' అని పిలుస్తాడు, పిల్లలూ విని అదే అంటారు. ఇక కన్నతల్లికి వేరే మాట కావాలి, అమ్మ ఉండనే ఉంది.

కోడలు: వినడానికి బాగుంది, కానీ అది ఊహే.

మామ: ఊహ కానిది చెప్తా. టర్కీలో 'అన్నె' అంటే తల్లి. 'అన్నెఅన్నె' తల్లి తల్లి, 'బాబాఅన్నె' తండ్రి తల్లి. స్వీడన్‌లో 'మోర్‌మోర్', 'ఫార్‌మోర్'. అచ్చం మన అమ్మమ్మ, బాపమ్మ. హిందీవాళ్లకు నానీ వేరు, దాదీ వేరు. ఇంగ్లీషుకు ఇద్దరూ గ్రాండ్‌మదరే. ఎవరి వైపు అవ్వో మాటలోనే తెలియాలని ఆ ఇళ్లు కోరుకున్నాయి. ఇందులో పసినోటి పని ఏముంది?

కోడలు: ఈ జంట మాటల విషయంలో నీదే నిజం. ఇవి పెద్దలు లెక్క చూసి అతికినవే. కానీ ఆ లెక్కే నీకు అడ్డం వస్తుంది. బాపమ్మలో సగం బాపు. మా తమ్ముణ్ణి ఈ పాప డాడీ అనబోతోంది. బాపు లేని ఇంట్లో బాపమ్మ అంటే పిల్లకు అది ఉత్త పేరు, తండ్రి తల్లి అన్న సంగతి అందులో వినబడదు. నానమ్మకైనా రేపు అదే గతి.

మామ: (కాసేపు ఆలోచించి) అయితే బాపు దగ్గరే మొదలుపెట్టాలి. మీ తమ్ముణ్ణి పిలువు. పొద్దున లేచింది మొదలు పాపతో 'డాడీ వచ్చాడు, డాడీ ఎత్తుకుంటాడు' అంటున్నాడు. ఇవాళ్టి నుంచి బాపు అనమను.