ల్యాబ్‌లో దొరికే దొంగ, లాగ్స్‌లో దొరకని దొంగ

సైబర్ సెక్యూరిటీలో ఆన్‌లైన్ డిగ్రీ చేద్దామనుకునేవాళ్లు ముందుగా అడిగేది ఒకటే: దానికి విలువ ఉంటుందా, ఉద్యోగం ఇచ్చేవాళ్లు దాన్ని లెక్కలోకి తీసుకుంటారా? వేరే సబ్జెక్టుల విషయంలో ఈ అనుమానం సబబే. రసాయన శాస్త్రాన్ని తెర మీద చూసి నేర్చుకున్నవాళ్ల చేతికి యాసిడ్ సీసా ఇవ్వాలంటే ఎవరైనా జంకుతారు. కానీ ఈ సబ్జెక్టులో ల్యాబ్ ఉండేదే కంప్యూటర్ లోపల. క్యాంపస్‌లో కూర్చున్న విద్యార్థి కూడా ఎక్కడో ఉన్న సర్వర్‌లోకి లాగిన్ అయ్యే ప్రాక్టికల్స్ చేస్తాడు. ఇంట్లో కూర్చున్నవాళ్లు చేసేదీ అదే. కాబట్టి దూరం ఇక్కడ పెద్ద లోటు కాదు. అసలు లోటు వేరే ఉంది. అది క్యాంపస్ కోర్సుల్లోనూ ఉంది, ఆన్‌లైన్‌లో ఇంకాస్త ఎక్కువగా ఉంది.

ఈ కోర్సుల్లో చేరినవాళ్లకు బాగా పరిచయమైన ల్యాబ్ ఒకటి చూద్దాం. ల్యాప్‌టాప్‌లో వర్చువల్‌బాక్స్ అనే సాఫ్ట్‌వేర్ వేసుకుని రెండు వర్చువల్ మెషీన్లు, అంటే కంప్యూటర్ లోపలి కంప్యూటర్లు, పెట్టుకుంటారు. ఒకదాంట్లో హ్యాకింగ్ టూల్స్‌తో వచ్చే కాలీ లినక్స్, రెండోదాంట్లో కావాలనే లోపాలతో తయారుచేసిన మెటాస్ప్లాయిటబుల్. బయటి ఇంటర్నెట్‌తో సంబంధం లేకుండా ఆ రెండింటినీ కలిపే చిన్న నెట్‌వర్క్ ఒకటి. ఏ పోర్టులు, అంటే నెట్‌వర్క్ తలుపులు, తెరిచి ఉన్నాయో చూపే ఎన్‌మ్యాప్‌తో స్కాన్ చేస్తే 21వ పోర్టులో ఫైళ్లు పంపే సర్వర్ ప్రోగ్రామ్ వీఎస్‌ఎఫ్‌టీపీడీ 2.3.4 నడుస్తోందని తెలుస్తుంది. 2011లో ఈ వెర్షన్ డౌన్‌లోడ్ ఫైల్‌లోకి ఎవరో ఒక దొడ్డిదారి (బ్యాక్‌డోర్) చొప్పించారు. యూజర్‌నేమ్ చివర నవ్వు ముఖం గుర్తు, అంటే కోలన్, పక్కనే బ్రాకెట్, పెట్టి లాగిన్‌కు ప్రయత్నిస్తే 6200 పోర్టు తెరుచుకుంటుంది. అందులోకి వెళ్లి 'హూయామై' అని కొడితే 'రూట్' అని జవాబొస్తుంది. మెషీన్ మొత్తం మన చేతిలోకి వచ్చినట్టే. మొదటిసారి అది చూసినప్పుడు వచ్చే కిక్కు తక్కువేం కాదు. చాలామందిని ఈ రంగంలోకి లాక్కొచ్చేది ఆ కిక్కే.

కానీ ఆ లోపాన్ని అక్కడ పెట్టిందే దొరకడానికి. తర్వాత ఏం చేయాలో ల్యాబ్ షీట్‌లో ఉంటుంది, చివర్లో కాపీ చేసి పెట్టాల్సిన ఫ్లాగ్, అంటే లోపలికి వెళ్లామనడానికి రుజువుగా ఇచ్చే కోడ్, ఒక ఫైల్‌లో సిద్ధంగా ఉంటుంది. ఆన్‌లైన్ కోర్సులో దిద్దే పని చాలావరకు ఒక ప్రోగ్రామ్ చేస్తుంది కాబట్టి ప్రతి ప్రశ్నకూ ఒకే ఒక్క సరైన జవాబు ఉండి తీరాలి. లేకపోతే మార్కులు వేయడం కుదరదు. అలా మూడు, నాలుగేళ్లు జవాబు ఉన్న ప్రశ్నలే చేసుకుంటూ పోతారు.

ఇప్పుడు ఉద్యోగంలో ఏం జరుగుతుందో చూడండి. కంపెనీ సిస్టమ్స్‌ను కనిపెట్టుకుని ఉండే సెక్యూరిటీ ఆపరేషన్స్ సెంటర్‌లో నైట్ షిఫ్ట్ చేస్తున్న జూనియర్ అనలిస్టుకు ఒక అలర్ట్ వచ్చిందనుకుందాం. అకౌంట్స్ విభాగంలో పనిచేసే ఒకరి పేరు మీద విండోస్ లాగ్‌లో, అంటే జరిగినవన్నీ నమోదయ్యే చోట, వరసగా పదకొండు 4625లు, అంటే లాగిన్ ప్రయత్నాలు ఫెయిలయ్యాయి. ఆ వెంటనే ఒక 4624, అంటే లాగిన్ అయింది. లాగాన్ టైప్ 10, అంటే రిమోట్ డెస్క్‌టాప్. టైమ్ తెల్లవారుజామున 2.40. ఎవరో పాస్‌వర్డ్ ఊహించి లోపలికి వచ్చారా? లేక నిన్ననే పాస్‌వర్డ్ మార్చుకున్న ఉద్యోగి నిద్రమత్తులో పాతదే కొట్టీ కొట్టీ చివరికి కొత్తది గుర్తు తెచ్చుకున్నారా? అకౌంట్ లాక్ చేస్తే, నెలాఖరు జీతాల ఫైల్ అదే అకౌంట్ నుంచి వెళ్లాల్సి ఉంటే, పొద్దున్నే గొడవ. లాక్ చేయకపోతే, నిజంగా దొంగే అయితే, అంతకన్నా పెద్ద గొడవ. ఆ టైమ్‌లో ఎవరికి ఫోన్ చేయాలి, ఎవరి అనుమతి తీసుకోవాలి? వీటికి ఆన్సర్ షీట్ ఉండదు. కొన్నిసార్లు అసలేం జరిగిందో ఎప్పటికీ తేలకుండానే టికెట్ క్లోజ్ అయిపోతుంది.

జవాబు ఉందో లేదో తెలియని చోట వెతకడం ఎలా ఉంటుందో 2024 మార్చిలో లోకమంతా చూసింది. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీర్ పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ డేటాబేస్ మీద పనిచేసే మనిషి, సెక్యూరిటీ నిపుణుడు కాదు. తన మెషీన్‌లో ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి మెషీన్‌లోకి వెళ్లే పద్ధతి) లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందని గమనించారు. సుమారు 0.3 సెకన్లలో అయిపోవాల్సింది 0.8 అవుతోంది. ఎందుకని తవ్వుకుంటూ పోతే ఫైళ్ల సైజు తగ్గించే ఎక్స్‌జెడ్ యుటిల్స్ అనే లైబ్రరీ 5.6.0, 5.6.1 వెర్షన్లలో దాచిపెట్టిన బ్యాక్‌డోర్ బయటపడింది. 'జియా టాన్' పేరుతో ఎవరో రెండేళ్లకు పైగా బుద్ధిగా ఆ ప్రాజెక్టుకు కోడ్ రాసిచ్చి, నమ్మకం సంపాదించి, ప్రాజెక్టును చూసుకునే మెయింటెయినర్ హోదా దాకా వచ్చి చేసిన పని అది. ఏ సెక్యూరిటీ టూలూ అలర్ట్ ఇవ్వలేదు. మామూలుగా ఎంత టైమ్ పట్టాలో తెలిసినవాళ్లకే అర సెకను తేడాగా కనిపిస్తుంది.

ఆ మామూలు ఏమిటో చెప్పే సబ్జెక్టులే డిగ్రీలో అసలు సరుకు. ఆపరేటింగ్ సిస్టమ్స్, నెట్‌వర్కింగ్, ఒక ప్యాకెట్ (డేటా ముక్క) ఇక్కడ బయల్దేరి అక్కడికి ఎలా చేరుతుంది, ఒక ప్రాసెస్‌కు మెమరీ ఎవరిస్తారు. విచిత్రం ఏమిటంటే ఆన్‌లైన్ విద్యార్థులు వీడియో వేగం డబుల్ చేసి దాటేసేవి కూడా ఇవే. ఎథికల్ హ్యాకింగ్ పేపర్ దగ్గర మాత్రం నెమ్మదిస్తారు. నన్నడిగితే ఉల్టా చేయాలి. హ్యాకింగ్ టూల్స్ ఏటా మారతాయి, వాటిని బయట కూడా నేర్చుకోవచ్చు. రెండు కంప్యూటర్లు మాట మొదలుపెట్టే పద్ధతి, టీసీపీ హ్యాండ్‌షేక్, దశాబ్దాలుగా అలాగే ఉంది, దాన్ని ఎవరూ సరదాకి కూర్చుని చదవరు. సిలబస్ బలవంతం చేస్తే తప్ప చదవని విషయాల కోసమే డిగ్రీ కావాలి.

అసలు డిగ్రీ ఎందుకని వాదించేవాళ్లు వానాక్రై కథ చెబుతారు. 2017 మే 12న మొదలైన ఆ ర్యాన్సమ్‌వేర్‌ను, అంటే ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే ప్రోగ్రామ్‌ను, నిలువరించింది మార్కస్ హచిన్స్, అప్పటికి 22 ఏళ్ల బ్రిటిష్ కుర్రాడు, యూనివర్సిటీ చదువు లేదు. వానాక్రై కోడ్‌లో ఎవరూ కొనని ఒక డొమైన్ పేరు కనిపిస్తే రిజిస్టర్ చేశాడు, అదే దాడిని ఆపే కిల్ స్విచ్‌గా పనిచేసింది. నిజమే, కానీ అది సగం కథ. ఆ దాడి వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చి 14నే ప్యాచ్, అంటే దాన్ని సరిచేసే అప్‌డేట్, ఇచ్చింది. దాదాపు రెండు నెలల టైమ్ ఉంది. అయినా బ్రిటన్ ఆస్పత్రులతో సహా ఎన్నో చోట్ల వేయలేదు. ఎందుకు? అప్‌డేట్ చేస్తే పాత యంత్రం ఆగిపోతుందేమోనన్న భయం, ఏ మెషీన్ ఎక్కడుందో పూర్తి జాబితా లేకపోవడం, ఆ పని ఎవరిదో తేలకపోవడం. రిస్క్ మేనేజ్‌మెంట్, పాలసీ అనే పేర్లతో డిగ్రీలో వచ్చి అందరికీ బోర్ కొట్టించే పేపర్లు ఈ ప్రశ్నల గురించే.

సర్టిఫికేషన్లు చాలవా అంటే, వాటి లెక్క వేరు. సీఐఎస్‌ఎస్‌పీ అనే సెక్యూరిటీ సర్టిఫికేషన్ పరీక్ష పాసైనా ఐదేళ్ల అనుభవం చూపిస్తేనే పూర్తి హోదా ఇస్తారు, ఇలాంటి డిగ్రీ ఉంటే అందులో ఒక ఏడాది తగ్గుతుంది. ఓఎస్‌సీపీ అనే హ్యాకింగ్ పరీక్షలో 23 గంటల 45 నిమిషాలు మెషీన్ల మీద దాడి చేసి, ఆ తర్వాత ఇంకో 24 గంటల్లో రిపోర్ట్ రాసివ్వాలి. రిపోర్ట్ సరిగా లేకపోతే రాత్రంతా చేసిన హ్యాకింగ్ వృథా. ఆ రాసే అలవాటు చాలా కోర్సుల్లో కనపడదు. చాట్‌బాట్‌లు వచ్చాక అసైన్‌మెంట్లలో ఉన్న కాస్తా పోతోంది.

మధ్యలో ఒక మాట. ఆన్‌లైన్ పరీక్షలకు ప్రోక్టరింగ్ సాఫ్ట్‌వేర్, అంటే కాపీ కొట్టకుండా కాపలా కాసేది, వేసుకోమంటారు. కెమెరా, మైకు, తెర అన్నీ దానికి అప్పగించాలి, కొన్నిసార్లు అడ్మిన్ పర్మిషన్ కూడా. తెలియని సాఫ్ట్‌వేర్‌కు అంత అధికారం ఇవ్వకూడదని మొదటి సెమిస్టర్‌లోనే పాఠం చెప్పి, ఆ పాఠం మీద పరీక్ష రాయడానికి అదే పని చేయమనడం! పరీక్షల కోసం వేరే ల్యాప్‌టాప్ పెట్టుకోగలిగితే మంచిదే.

ఆన్‌లైన్‌లో నిజంగా భయపడాల్సింది మాత్రం ఇంకొకటి ఉంది. పక్కన ఆపేవాళ్లు ఉండరు. ల్యాబ్‌లో నేర్చుకున్న స్కాన్‌ను వేరేవాళ్ల సర్వర్ మీద వేసి చూడాలని చెయ్యి దురద పెడుతుంది. అనుమతి లేకుండా వేరే సిస్టమ్‌లోకి వెళ్లడం చాలా దేశాల్లో నేరం. ఉద్దేశం మంచిదే అన్న మాట కోర్టులో నిలవదని 1990లోనే తేలింది. కార్నెల్ యూనివర్సిటీలో చదువుతున్న రాబర్ట్ మోరిస్ 1988 నవంబర్ 2న ఒక వార్మ్‌ను, అంటే తనంతట తానే మెషీన్ల మధ్య పాకే ప్రోగ్రామ్‌ను, ఇంటర్నెట్‌లోకి వదిలాడు. పాడుచేసే కోడ్ అందులో లేదు. కానీ అది ఎక్కిన మెషీన్ మీదే మళ్లీ మళ్లీ ఎక్కి వేల కంప్యూటర్లను కదలనివ్వకుండా చేసింది. శిక్ష మూడేళ్ల ప్రొబేషన్, 400 గంటల సమాజ సేవ, 10,050 డాలర్ల జరిమానా.

ఇంతకీ ఈ డిగ్రీ ఎవరికి ఎక్కువ పనికొస్తుంది? నా ఉద్దేశంలో ఇప్పటికే హెల్ప్‌డెస్క్‌లోనో సిస్టమ్ అడ్మిన్‌గానో పనిచేస్తూ సాయంత్రాలు చదివేవాళ్లకు. పాస్‌వర్డ్ మర్చిపోయినవాళ్లనూ, లాకైన అకౌంట్లనూ వాళ్లు రోజూ చూస్తారు. 4625 వాళ్లకు పుస్తకంలో నంబర్ కాదు. ఇంటర్ అయిపోగానే నేరుగా చేరే పద్దెనిమిదేళ్ల విద్యార్థికి ఆ గందరగోళం అందుబాటులో ఉండదు కాబట్టి తనే తయారుచేసుకోవాలి. దానికి ఒక దారి ఉంది: క్లౌడ్‌లో విడిగా, వేరే దేనితోనూ సంబంధం లేని ఒక చిన్న సర్వర్ తీసుకుని, ప్రొవైడర్ నిబంధనలు ఒప్పుకుంటే, కౌరీ లాంటి హనీపాట్, అంటే దాడి చేసేవాళ్లకు ఎర, పెట్టడం. ఎక్కువసేపు పట్టదు, ముక్కూమొహం తెలియనివాళ్లు తలుపు తట్టడం మొదలుపెడతారు. రూట్, అడ్మిన్, టెస్ట్ అంటూ వందల కొద్దీ ప్రయత్నాలు. వాటిలో ఏవి బాట్‌లవి, ఏది కాస్త తేడాగా ప్రవర్తిస్తోంది, ఎందుకలా అనిపిస్తోంది అని ప్రతి వారం రెండు పేజీలు రాయాలి. ఆ రెండు పేజీలను దిద్దడానికి ప్రోగ్రామ్ సరిపోదు, లాగ్స్ చూసి తల పట్టుకున్న అనుభవం ఉన్న మనిషి కావాలి. చేరే ముందు అడ్మిషన్ వాళ్లను అడగాల్సింది ఆ మనిషి గురించే: ఎవరు, వారానికి ఎన్ని గంటలు దొరుకుతారు, ఎంతమంది విద్యార్థులకు ఒకరు.