అద్దాల బీరువా దాటని అందాలు

గృహప్రవేశం నుంచో సీమంతం నుంచో తిరిగి వచ్చేటప్పుడు చేతిలో పెట్టే సంచిలో ఏముందో ఈ రోజుల్లో విప్పి చూడనవసరం లేదు. జర్మన్ సిల్వర్ కుంకుమ భరిణె గానీ, అదే లోహంతో చేసిన అరచేతంత పళ్లెం గానీ ఉంటుంది. పేరులో సిల్వర్ ఉన్నా అది రాగి, నికెల్, జింకు కలిపిన మిశ్రమ లోహమే. పైన పూత వేస్తే తప్ప అందులో వెండి ఉండదు. బేగంబజారులో డజన్ల లెక్కన కొన్న ఆ వస్తువు ఇంటికి చేరగానే బీరువా పై అరలోకి ఎక్కుతుంది, మళ్లీ ఎవరింట్లోనైనా శుభకార్యం వచ్చినప్పుడే కిందికి దిగుతుంది.

దీన్ని అభిరుచి లోపమని తేల్చేయడం సరికాదు. ఇచ్చేవాళ్లు మనిషికింత అని లెక్క వేసుకుంటారు, సంచిలోంచి తీయగానే మెరవాలని చూస్తారు. పుచ్చుకున్నవాళ్లు దాన్ని రోజూ దేనికి వాడతారు, ఎలా తోముతారు, మూత వదులైతే ఏం చేస్తారు అన్న ప్రశ్న ఆ బేరంలో ఎక్కడా రాదు. విచారించాల్సిందేమంటే, మన హస్తకళలను కూడా మనమే ఈ దారిలోకి నెట్టాం. లేపాక్షికో గోల్కొండ షోరూముకో మనం అడుగుపెట్టేదే ఎవరికో ఏదో ఇవ్వాల్సి వచ్చినప్పుడు. అలా కొన్నది మన వంటింటికి గానీ, ప్రయాణపు సంచిలోకి గానీ రాదు.

అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక సంగతే తీసుకుందాం. అక్కడి కళాకారులు అంకుడు కర్రను లేత్ మీద తిప్పుతూ, రంగు కలిపిన లక్కను దానికి ఆనిస్తారు. రాపిడికి పుట్టిన వేడికే లక్క కరిగి కర్రను పట్టుకుంటుంది. ఆపైన మొగలి ఆకుతో అదిమి రుద్దితే నిగనిగలాడుతుంది. కుంచెతో పని లేదు, ఆరబెట్టాల్సిన పనీ లేదు. పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల వంటి వాటితో చేసే సహజ రంగులను తిరిగి నిలబెట్టేందుకు శ్రమించిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది. అంతకుముందు 2017లోనే ఈ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు దక్కింది. 2025 గణతంత్ర దినోత్సవంలో ఆంధ్రప్రదేశ్ శకటం ఇతివృత్తం కూడా ఇవే. ఇంత పేరు వచ్చినా ఏటికొప్పాక అనగానే మనకు గుర్తొచ్చేది షోకేసులో వరసగా నిలబెట్టిన బొమ్మలే.

ఆ ఊరి పనితనం అసలు తెలిసేది నా దృష్టిలో కుంకుమ భరిణెలో. దానికి మర ఉండదు, మడత బందు ఉండదు. మూత లోపలి అంచు, డబ్బా పై అంచు ఒకదానికొకటి సరిపోయేలా లేత్ మీదే తీస్తారు కనుక, నొక్కితే బిగుసుకుంటుంది, లాగితే చిన్న చప్పుడుతో ఊడుతుంది. మంచి చేతి నుంచి వచ్చిన భరిణెను తలకిందులు చేసినా కుంకుమ రాలదు. అలాంటి డబ్బాలో ప్రయాణంలో చెవిదుద్దులు పెట్టుకోవచ్చు, పిన్నీసులు పెట్టుకోవచ్చు, నాలుగు యాలక్కాయలు వేసుకోవచ్చు. నీళ్లలో నానబెట్టకూడదు, పొయ్యి పక్కన ఉంచకూడదు. వేడికి పట్టిన లక్క వేడికే మెత్తబడుతుంది. ఈ ఒక్క జాగ్రత్త చెప్పి అమ్మే అంగడి నాకింకా తారసపడలేదు. అలంకరణకు కొంటున్నవాళ్లకు ఆ మాట అక్కర్లేదని కాబోలు.

ప్రతి కళా వస్తువూ వంటింట్లో పనికి రావాలని నేను అనడం లేదు. తెల్ల పొణికి కర్రతో చేసే కొండపల్లి బొమ్మకు సంక్రాంతికో దసరాకో పెట్టే కొలువే వాడుక, అది చాలు. కానీ అమెరికాలో ఉన్న మేనకోడలికి దశావతారాల సెట్టు పంపేవాళ్లు ఒకటి గమనించాలి: ఆ బొమ్మల చేతులు విడిగా చెక్కి అతికించినవి, సూట్‌కేసులో అటూ ఇటూ కుదుపులు తిన్నాక ఏ అవతారం ఏ చేతితో దిగుతుందో చెప్పలేం. నెల్లూరు జిల్లా ఉదయగిరిలో కర్రతో చెక్కే చెంచాలు, గరిటెలు పంపితే ఆ బెంగ ఉండదు. ఇరవై మూడు కిలోల పెట్టెలో వాటి బరువు లెక్కకు రాదు, నాన్‌స్టిక్ పెనం మీద గీత పడదు, అన్నిటినీ మించి మర్నాడు ఉదయమే ఉప్మా కలపడానికి చేతిలోకి వస్తాయి. వరంగల్ జంపఖానా కూడా అలాంటిదే. చుట్టి చంకన పెట్టుకోవచ్చు, పరిచి పదిమందిని కూర్చోబెట్టవచ్చు.

ప్రయాణం మాట వచ్చింది కనుక మరచెంబును తలచుకోవాలి. గుండ్రటి ఇత్తడి చెంబు, మెడకు మర, దానికి తిప్పి బిగించే మూత. రైలు ఏ స్టేషన్‌లో ఆగినా కుళాయి దగ్గర నింపుకుని, ఒలకకుండా పెట్టెలో పెట్టుకునేవాళ్లు. పాత ఇత్తడి తూకానికి వేసి కొత్త స్టీలు తెచ్చుకున్న కాలంలో చాలా ఇళ్ల నుంచి అది వెళ్లిపోయింది. ఇప్పుడు దాని స్థానంలో రాగి సీసా ఫ్యాషనబుల్ కానుకగా తిరుగుతోంది. ఫొటోలో బాగుంటుంది, నిజమే. అయితే దాని మూతి సన్నం. బయట చింతపండు, ఉప్పు వేసి తళతళా తోమవచ్చు గానీ లోపలికి వేళ్లు పోవు, నల్లబడిందో చిలుము పట్టిందో కంటికి ఆనదు. మరచెంబు మెడ వెడల్పుగా ఉంటుంది. దాన్ని రూపొందించినవాళ్లకు చెంబు తోమే చేతులు తెలుసు.

వంట పాత్రల విషయంలో ఈ తేడా ఇంకా ముఖ్యం. ఇత్తడి గిన్నెలో చింతపండు పులుసు కాయాలంటే లోపల కళాయి ఉండాలి. గిన్నెను బాగా వేడి చేసి, నవాసారం చల్లి, కరిగిన తగరాన్ని దూదితో గిర్రున తిప్పి పామితే లోపలంతా తెల్లగా పరుచుకుంటుంది. వాడకంతో అది అరుగుతుంది, మళ్లీ పూయించాలి. వీధుల్లో కొలిమి పెట్టుకుని కూర్చునే కళాయివాళ్లు ఇప్పుడు ఎప్పుడో గానీ కనిపించరు. ఇత్తడి మాత్రం ఉరుళి అనే వెడల్పాటి పాత్ర రూపంలో హాల్లోకి తిరిగొచ్చింది, నీళ్లు పోసి బంతిపూలు వేయడానికి.

ఆ మధ్య హైదరాబాద్‌లో ఒక పెద్ద దుకాణంలో సుత్తి దెబ్బల అచ్చులు వరసగా మెరుస్తున్న ఇత్తడి గిన్నె ఒకటి నచ్చింది. ధర కాగితం మీద హ్యాండ్‌మేడ్ అని ఉంది. లోపల చూస్తే పసుపు రంగే, కళాయి జాడ లేదు. పూసి ఇస్తారా అని అడిగాను. కౌంటర్ దగ్గరి కుర్రవాడు మర్యాదగానే, కాస్త ఆశ్చర్యపోతూ అన్నాడు: "వాడుకోవడానికా అండీ? అయితే స్టీలు చూపిస్తాను, పై ఫ్లోర్‌లో ఉన్నాయి."