రక్తం కనపడలేదు కాబట్టి పిల్లలకు ఫర్వాలేదా?

"టీనేజ్ పిల్లలకు యాక్షన్ థ్రిల్లర్లు వద్దనే తల్లిదండ్రులారా, ఒక్క నిమిషం!" అని మొదలయ్యే మెసేజ్ ఒకటి ఈ మధ్య నాకు మూడు గ్రూపుల్లోంచి వచ్చింది. సాగదీత తీసేస్తే అందులో ఉన్నవి ఐదు ముక్కలు. సెన్సార్ వాళ్లు సర్టిఫికెట్ ఇచ్చారంటే చూడొచ్చనే అర్థం. రక్తం, నరుకుళ్లు లేకపోతే అది పిల్లలు చూడదగ్గదే. చివరికి గెలిచేది మంచివాడే కాబట్టి నేర్చుకునేదీ మంచే. మనమంతా అవే చూసి పెరిగాం, ఏమైంది? ఎలాగూ మీరు ఆపినా ఫోన్లో చూస్తారు.

రాసినాయన ఎవరో గానీ, "వద్దంటే వద్దు" అని తలుపేసే పెద్దల మీద విసుగుతో రాసినట్టున్నాడు. ఆ విసుగు నాకూ ఉంది. హింస ఉన్న సినిమాలన్నీ పిల్లలకు విషమని నేననుకోను. అయితే ఈ ఐదు ముక్కల్లో ఒక్కటీ ఒక సినిమా పద్నాలుగేళ్లవాడికి తగునా తగదా అన్న ప్రశ్నకు జవాబు కాదు. పైగా రెండోది పూర్తిగా తిరగబడ్డ మాట.

ముందు సర్టిఫికెట్ సంగతి. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించి, తల్లిదండ్రులు చూసుకుని చూపించమనే పాత ‘యూ/ఏ’ని మూడుగా విడగొట్టారు: 7+, 13+, 16+. పదహారు నిండనివాణ్ణి 16+ సినిమాకు హాల్లోకి రానివ్వరని చాలామంది అనుకుంటున్నారు. నిజానికి గుమ్మం దగ్గర ఆపాల్సింది ‘ఏ’ సర్టిఫికెట్ సినిమాకు మాత్రమే, అదీ పద్దెనిమిది నిండనివాళ్లను. మిగతా అంకెలు తల్లిదండ్రులకు ఇచ్చే సూచనలు. అంటే బోర్డు "చూపించండి" అనడం లేదు, "చూపించాలో వద్దో మీరు తేల్చుకోండి" అంటోంది. తేల్చుకునే పని మన చేతిలో పెట్టిన కాగితాన్నే చూపించి "తేల్చేశారుగా" అంటే ఎలా?

ఓటీటీలో అయితే ఇంకో మెలిక. అక్కడ సిరీస్ పక్కన కనిపించే వయసు అంకె సెన్సార్ బోర్డు వేసింది కాదు. 2021 ఐటీ నిబంధనల ప్రకారం ఆ వర్గీకరణ చేసుకోవాల్సింది ప్లాట్‌ఫామే. తన సరుకుకు తనే వేసుకున్న ముద్ర. అది అబద్ధమని అనను, కానీ "సెన్సార్ వాళ్లు చెప్పారు" అనే మాట మాత్రం అక్కడ చెల్లదు.

దేశం మారితే కొలతే మారిపోతుంది. అమెరికాలో ‘ఆర్’ రేటింగ్ సినిమాకు అమ్మో నాన్నో వెంట ఉంటే పదేళ్లవాడూ వెళ్లొచ్చు. బ్రిటన్‌లో ‘15’ సినిమాకు పద్నాలుగేళ్లవాణ్ణి తండ్రి చెయ్యి పట్టుకుని వచ్చినా రానివ్వరు. పిల్లవాడి మనసు సరిహద్దు దాటగానే మారదు కదా.

ఇప్పుడు అసలు ముక్క, రక్తం.

మా అక్క కొడుకుతో కలిసి ఒక యాక్షన్ థ్రిల్లర్ చూశాను. వాడికి పద్నాలుగు. హీరో పొడుగాటి వరండాలో ఒక్కడే నడుచుకుంటూ వస్తాడు, ఎదురొచ్చినవాణ్ణల్లా కూల్చేస్తుంటాడు. మ్యూజిక్ దద్దరిల్లిపోతోంది. రక్తం చుక్క లేదు. పడ్డవాడు పడ్డట్టే ఫ్రేములోంచి మాయం. సీను అయిపోయాక మావాడు అడిగాడు: "మామయ్యా, ఆ లిఫ్ట్ దగ్గర పడినవాడు చచ్చిపోయాడా, లేక ఊరికే పడ్డాడా?" నాకూ తెలీలేదు. వెనక్కి తిప్పి చూశాం. అయినా తేలలేదు. ఎందుకంటే తీసినవాళ్లకే ఆ సంగతి అక్కర్లేదు. ఆ లెక్కన పదకొండు మందికి ఏమైందో మాకెవరికీ తెలీదు. వాళ్లు మనుషులు కారు, హీరో నడిచే దారిలో అడ్డాలు.

ఈ శుభ్రమైన హింస యాదృచ్ఛికం కాదు. అమెరికాలో ‘పీజీ-13’ అనే రేటింగ్ 1984 జులైలో వచ్చింది. ఆ వేసవిలో విడుదలైన రెండు సినిమాలు పిల్లలకు మరీ భయంకరంగా ఉన్నాయని తల్లిదండ్రులు గోల చేస్తే, తల్లిదండ్రులు చూసుకోమనే ‘పీజీ’కి, ‘ఆర్’కి మధ్య ఒక మెట్టు కట్టారు. ఆ మెట్టు మీద హింస ఉండొచ్చు గానీ, ఒకేసారి వాస్తవంగానూ తీవ్రంగానూ ఉండకూడదన్నది స్థూలంగా నియమం. బ్రిటన్ బోర్డు, పన్నెండు నిండనివాళ్లు పెద్దల తోడుతోనే చూడాల్సిన ‘12ఏ’కి పెట్టుకున్న నియమమూ అలాంటిదే: గాయాల మీద, రక్తం మీద దృష్టి నిలపకూడదు. ఉద్దేశం మంచిదే. కానీ దీన్ని సినిమా తీసేవాడి వైపు నుంచి చదవండి. గాయం చూపిస్తే ప్రేక్షకుల వయసు పెరుగుతుంది, టికెట్లు తగ్గుతాయి. గాయం తీసేస్తే వయసు తగ్గుతుంది, టికెట్లు పెరుగుతాయి. చంపడం మాత్రం తగ్గించనక్కర్లేదు. అందుకే 2013లో ‘పీడియాట్రిక్స్’ అనే పిల్లల వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనంలో, ‘పీజీ-13’ సినిమాల్లో తుపాకీ హింస 1985 నుంచి మూడు రెట్లకు పైగా పెరిగిందనీ, 2012 నాటికి పెద్దల ‘ఆర్’ సినిమాలను కూడా దాటిపోయిందనీ తేలితే నాకు ఆశ్చర్యం కలగలేదు.

కాబట్టి రక్తం లేకపోవడాన్ని హింస తక్కువనడానికి గుర్తుగా తీసుకోకండి. చాలాసార్లు అక్కడ నొప్పిని కత్తిరించారని అర్థం. నన్నడిగితే, ఒక్క మనిషి చచ్చిపోయి, ఆ చావు మిగతా రెండు గంటలూ అందరి మీదా బరువుగా వేలాడే సినిమా, అరవై మందిని పాట మీద కూల్చేసే సినిమా కంటే పద్నాలుగేళ్లవాడికి నయం. మొదటిదానికి 16+ రావచ్చు, రెండోదానికి 13+ రావచ్చు. అయినా అంతే అంటాను.

నొప్పి కత్తిరిస్తే వచ్చే అబద్ధాలు కూడా చిన్నవి కావు. భుజంలో తూటా దిగితే హీరో పళ్లు బిగించి గుడ్డ కట్టుకుని మళ్లీ పరిగెత్తుతాడు. భుజమంటే సినిమావాళ్లకు ఖాళీ జాగా. నిజానికి చేతికి వెళ్లే పెద్ద రక్తనాళమూ నరాల గుత్తీ రెండూ అక్కణ్ణుంచే వెళ్తాయి. అవి తెగితే ప్రాణమే పోవచ్చు, బతికినా చెయ్యి పడిపోవచ్చు. తల మీద ఒక్క దెబ్బ కొట్టి కాపలావాణ్ణి అరగంట ‘నిద్రపుచ్చడం’ ఇంకోటి. అంతసేపు స్పృహ రాని దెబ్బంటే మెదడుకు ప్రమాదకరమైన గాయం, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాల్సిన కేసు. పద్నాలుగేళ్లవాడికి తుపాకీ దొరక్కపోవచ్చు, కానీ క్రికెట్ బ్యాట్ ఇంట్లోనే ఉంటుంది. నాకు భయమేసేది పేలుళ్లంటే కాదు, ఈ బ్యాట్ దెబ్బలంటే. బ్రిటన్ బోర్డు కూడా సులభంగా దొరికే ఆయుధాలను గొప్ప చేసి చూపిస్తున్నారా అని విడిగా చూస్తుంది. మన చర్చల్లో ఆ ఊసే రాదు.

మూడో ముక్క: మంచివాడే గెలుస్తాడుగా. గెలుస్తాడు. ఎలా గెలుస్తాడన్నది కదా చూడాల్సింది. ఆల్బర్ట్ బండూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1965లో చిన్నపిల్లలకు ఒక ఫిల్మ్ చూపించాడు. అందులో ఒక పెద్దమనిషి గాలి బొమ్మను చితక్కొడతాడు. కొందరు పిల్లలు చూసిన ముగింపులో అతనికి బహుమతి దొరికింది, కొందరు చూసినదాంట్లో చీవాట్లు పడ్డాయి, మిగతావాళ్లకు రెండూ లేవు. చీవాట్లు చూసిన పిల్లలు తక్కువగా అనుకరించారు. ఇంతవరకూ మెసేజ్ రాసినాయనకు అనుకూలమే. కానీ ఆ తర్వాత "అతను ఏం చేశాడో చేసి చూపిస్తే మీకు బహుమతి" అనేసరికి మూడు గుంపుల పిల్లలూ ఇంచుమించు సమానంగా చేసి చూపించారు. చీవాట్లు చూసినవాళ్లూ నేర్చుకున్నారన్నమాట, బయటపెట్టలేదంతే. ఇక మన థ్రిల్లర్లలో హీరోకు చీవాట్లా? కొట్టినందుకు ఈలలు, స్లో మోషన్. శిక్ష పడేది విలన్‌కు. అతను చేసిన పనే హీరో చేస్తే ‘న్యాయం’.

బండూరా ప్రయోగంలోని పిల్లలు నర్సరీ ఈడు పసివాళ్లనీ, కొట్టింది బొమ్మనే గానీ మనిషిని కాదనీ ఎవరైనా అంటే ఒప్పుకుంటాను. ఆ ప్రయోగాన్ని పట్టుకుని "సినిమా చూస్తే హంతకులవుతారు" అనేవాళ్లతో కూడా నాకు పేచీయే. వీడియో గేముల గురించి అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ చెప్పింది కూడా ఇదే తరహా: కోపం, దురుసుతనం కొంత పెరగడానికి సంబంధం ఉంది, కానీ నిజమైన హింసాత్మక నేరాలను గేముల ఖాతాలో వేయడానికి తగిన ఆధారం లేదు. నేరం చెయ్యకపోతే చాలు, ఇంకేమీ పట్టించుకోనక్కర్లేదు అనుకునేవాళ్లకు ఆ రెండో సగం ఒక్కటే వినిపిస్తుంది.

"మనమంతా చూసే పెరిగాం, ఏమైంది?" ఏమీ కాలేదని తేల్చుకునేది మనమే అయినప్పుడు ఇంకేం తేలుతుంది? 2014లో అదే ‘పీడియాట్రిక్స్’లో మరో అధ్యయనం వచ్చింది. వెయ్యి మంది అమెరికన్ తల్లిదండ్రులకు సినిమాల్లోని హింస, శృంగారం ఉన్న చిన్న దృశ్యాలు వరసగా ఆరు చూపించి, ఒక్కోటీ ఏ వయసు నుంచి చూడొచ్చో చెప్పమన్నారు. మొదటి హింస దృశ్యానికి సగటున పదిహేడేళ్లు దగ్గర దగ్గర అన్నవాళ్లు, చివరికొచ్చేసరికి పద్నాలుగుకు దిగిపోయారు. దృశ్యాల వరస ఒక్కొక్కరికీ మార్చి చూపించారు కాబట్టి చివరివి మెత్తనివి అనడానికి లేదు. మెత్తబడింది చూసేవాళ్లే. ఆరు చిన్న దృశ్యాలకే వెయ్యి మంది పెద్దవాళ్లకు అలా అయితే, ముప్పయ్యేళ్లుగా చూస్తున్న మనకు ఏమీ కాలేదని మనమే సర్టిఫికెట్ ఇచ్చుకోవడం కొంచెం నవ్వొచ్చే విషయమే.

ఫోన్లో ఎలాగూ చూస్తారన్నది నిజమే. అందుకే మనతో కలిసి చూడనివ్వాలి. ఇది ఆ మెసేజ్‌కు వ్యతిరేకం కూడా కాదు, దాన్ని సగంలో వదిలేశారంతే. ఫోన్లో ఒంటరిగా చూసేవాడికి లిఫ్ట్ దగ్గర పడినవాడి గురించి అడగడానికి మామయ్య ఉండడు.

"అయితే ఆ సినిమా రెండో భాగం చూపించమంటావా, వద్దంటావా?" అని మొన్న అక్క ఫోన్ చేసి అడిగింది. ముందు నువ్వు ఒక ఫైట్ సీను సౌండ్ తీసేసి చూడవే అన్నాను. మ్యూజిక్ పోగానే డాన్సు పోతుంది, ఏం మిగిలిందో కనిపిస్తుంది. ఎవరికైనా నొప్పి పుట్టిందా, మర్నాడు ఎవరైనా ఏడ్చారా, చంపినవాడికి ఆ రాత్రి నిద్ర పట్టిందా చూడు. హింసించి నిజం రాబట్టే సీను ఉంటే అది పనిచేసినట్టు చూపించారా చూడు. ఆ తర్వాత వాడి వయసు కాదు, వాణ్ణి చూడు. అదే ఈడు పిల్లల్లో ఒకడు నవ్వి మర్చిపోతాడు, ఇంట్లో నిజంగా దెబ్బలు చూసిన ఇంకొకడు ఆ రాత్రి లైటు తీయనివ్వడు.

అక్క సౌండ్ తీసేసి చూసింది. పది నిమిషాలకే ఆపేసి, "బోరుగా ఉంది కదరా" అంది. మావాడు ఆదివారం మా ఇంట్లో నాతో కలిసే చూశాడు. మొదటి భాగంలో లిఫ్ట్ దగ్గర పడినవాడు ఇందులో వస్తాడేమోనని చివరిదాకా వెతికాడు. రాలేదు. వాడి లెక్కలో అతను ఇంకా బతికే ఉన్నాడు. నా లెక్కలో లేడు. అది ఇప్పటికీ తెగలేదు.