కడుపులో బిడ్డకు ముప్పు టవరుతోనా, వేడితోనా?

ఈ ఏడాది మార్చిలో నిజాంపేటలోని మా పెద్దమ్మ వాళ్ల అపార్ట్‌మెంట్‌లో సెల్ టవరు మీద పెద్ద రగడ జరిగింది. మిద్దె మీద టవరు పెడితే అద్దె ఎంత వస్తుందో కార్యదర్శి లెక్క చెప్పబోయారు. పెద్దమ్మ ఒక్క మాటతో ఆయన్ని కూర్చోబెట్టేసింది. "మా కోడలికి అయిదో నెల. దాని నెత్తిన టవరు పెడతారా?" ఇక ఎవరూ నోరెత్తలేదు. టవరు రాలేదు. అంతకుముందు నుంచీ అంతంతమాత్రంగా ఉన్న సిగ్నలు కూడా బాగుపడలేదు. వదిన ఇప్పుడు ఆఫీసు ఫోన్లన్నీ బాల్కనీ చివర నిలబడి, ఫోను చెవికి అదిమిపట్టుకుని మాట్లాడుతోంది.

టవరు దగ్గరుంటే ఫోను గుసగుసలాడుతుంది, దూరంగా ఉంటే గొంతు చించుకుంటుంది. సిగ్నలు బలహీనపడేకొద్దీ అది తన ప్రసార శక్తిని పెంచుకుంటుంది. తరంగాల తీవ్రతేమో దూరం రెట్టింపయితే నాలుగో వంతుకు పడిపోతుంది. అందుకే మనిషి ఒంటికి తగిలే వాటాలో పదుల మీటర్ల దూరంలోని టవరుకన్నా చేతిలోని ఫోనుదే సాధారణంగా పెద్ద చెయ్యి. టవరును అడ్డుకున్నవాళ్లు తెలియకుండానే చేతిలోని ఫోను గొంతు పెంచారన్నమాట.

ఈ గందరగోళానికి సగం కారణం 'రేడియేషన్' అనే మాటే. ఎక్స్‌రేనూ, వంటింటి మైక్రోవేవ్‌నూ ఒకే గాటన కట్టేశాం. ఎక్స్‌రే అణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడబెరుకుతుంది. గర్భిణులను దాని నుంచి దూరంగా ఉంచేది అందుకే. టవరు, ఫోను తరంగాల జాతికే చెందిన, మైక్రోవేవ్ అవెన్‌లోని 2.45 గిగాహెర్ట్జ్ తరంగానికి, ఆ పనికి కావలసిన శక్తిలో సుమారు పది లక్షల్లో ఒక వంతు మాత్రమే ఉంటుంది. డీఎన్‌ఏను నేరుగా తెంచడం దానివల్ల కాదు. అది చేయగలిగిందల్లా నీటి అణువులను కదిలించి వేడి పుట్టించడం. గ్రహణం నాడు గర్భిణిని చీకటి గదిలో కూర్చోబెట్టి, బిడ్డకు పెదవి చీలి పుడితే దానికి 'గ్రహణం మొర్రి' అని పేరు పెట్టిన ఊళ్లు మనవి. కంటికి కనిపించనిది ఆకాశం నుంచి దిగివచ్చి కడుపును తాకుతుందన్న భయం పాతదే, ఇప్పుడది టవరు ఎక్కి కూర్చుంది.

అలాగని భయం పూర్తిగా ఉత్తదేమీ కాదు. వేడి పిండానికి నిజంగానే పడదు. కడుపులో బిడ్డ ఉష్ణోగ్రత తల్లికన్నా సుమారు అర డిగ్రీ ఎక్కువే ఉంటుంది, ఆ వేడి చాలావరకు మాయ ద్వారా తల్లి రక్తంలోకే పోవాలి. తల్లికే ఒళ్లు కాలిపోతుంటే బిడ్డ వేడి పోయే దారి ఎక్కడ? మెదడు, వెన్నుపాము రూపుకట్టే నాళం గర్భం నిలిచిన 28 రోజుల్లోపే మూసుకుంటుంది. ఆ రోజుల్లో తల్లికి 39 డిగ్రీల సెల్సియస్ దాటి జ్వరం వస్తే ఆ నాళం లోపాల ముప్పు పెరుగుతుందని అధ్యయనాలు చెబుతున్నాయి. ఒళ్లు పలు డిగ్రీలు వేడెక్కేంత తీవ్రంగా తరంగాలు పంపినప్పుడు ఎలుక పిల్లల్లోనూ పుట్టుక లోపాలు కనిపించాయి.

మరి టవరు వల్ల అంత వేడి పుడుతుందా? ఒంటి ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరగాలంటే శరీరం మొత్తం మీద కిలోకు 4 వాట్ల దాకా పీల్చుకోవాలి. ప్రజలకు అంతర్జాతీయ పరిమితి అందులో యాభయ్యో వంతు. టవర్ల విషయంలో మన దేశం 2012 సెప్టెంబరు నుంచి ఆ పరిమితిని కూడా పదో వంతుకు తగ్గించింది.

వేడి లేకుండా వేరే ప్రభావం ఉండకూడదా అన్నది న్యాయమైన ప్రశ్న. 13,159 మంది పిల్లల మీద డెన్మార్క్‌లో చేసిన అధ్యయనం 2008లో వెలువడింది. ఫోను వాడిన తల్లుల పిల్లల్లో ప్రవర్తన సమస్యలు ఎక్కువని అందులో తేలింది. 2017లో నార్వే నుంచి 45 వేలకు పైగా తల్లీబిడ్డల లెక్కలు వచ్చాయి. అక్కడ ఫోను వాడిన తల్లుల పిల్లలకు మాటలు ఆలస్యం కావడం తక్కువ! ఫోను వదలని తల్లి బిడ్డతో తక్కువ ఆడి ఉండవచ్చు, లేదా స్వతహాగా మాటకారి అయి ఉండవచ్చు. రెండు ఫలితాల్లోనూ తరంగాలకన్నా తల్లి స్వభావమే ఎక్కువ కనిపిస్తుందని నా అనుమానం. 2012లో యేల్ విశ్వవిద్యాలయం వారు బోను మీద ఫోను పెట్టి చేసిన ఎలుకల ప్రయోగం పిల్లల్లో అతి చురుకుదనం చూపింది. కానీ తరంగం ఒంట్లోకి చొరబడేదే కొద్ది సెంటీమీటర్లు. చిట్టెలుకకు అది ఒళ్లంతా, మనిషికి పొట్ట గోడ.

అసలు ఆందోళన పడవలసిన చోట ఎవరూ రగడ చేయడం లేదు. ఫిజియోథెరపీ గదుల్లో కండరాలను ఇలాంటి తరంగాలతో కాచే డయాథర్మీ యంత్రాలుంటాయి. అమెరికాలోని మహిళా ఫిజియోథెరపిస్టుల మీద జరిగిన అధ్యయనం 1993లో వచ్చింది. మైక్రోవేవ్ డయాథర్మీతో పనిచేసినవారిలో గర్భస్రావాలు కొంత ఎక్కువని, షార్ట్‌వేవ్ రకంతో ఆ తేడా లేదని అది చెప్పింది. ఒక్క అధ్యయనంతో తీర్పు ఇవ్వలేం. అయినా పిండం ఉద్యోగి కాదు కాబట్టి, గర్భిణి అయిన ఉద్యోగినికి ఉద్యోగులకుండే ఎక్కువ పరిమితి కాక ప్రజల పరిమితే వర్తించాలని అంతర్జాతీయ మార్గదర్శకాలు 2020లో స్పష్టంగా చెప్పాయి. మన వీధుల్లోని చిన్న క్లినిక్కుల్లో యంత్రం నడుస్తుండగా పక్కనే నిలబడే అమ్మాయికి ఆ మాట ఎవరైనా చెబుతున్నారా? హాస్టళ్ల వంటగదుల్లో, కోకాపేట నిర్మాణాల్లో నెలలు నిండేదాకా పనిచేసేవాళ్ల సంగతి సరేసరి. వడగాడ్పుల రోజుల్లో నెలలు నిండకముందే కాన్పులు పెరుగుతాయని ఎన్నో దేశాల లెక్కలు చెబుతున్నాయి. వాళ్ల కోసం ఏ సంఘమూ సమావేశం పెట్టదు.  

మే నెలలో పెద్దమ్మ వాళ్లింటికి వెళ్లాను. వంటింట్లో మైక్రోవేవ్ అవెన్ కనిపించలేదు. తలుపు సరిగా పడుతున్నంతకాలం, దాని జాలీ రంధ్రాలగుండా 12 సెంటీమీటర్ల తరంగం చెప్పుకోదగ్గంతగా బయటికి రాలేదని వివరించబోయాను. "బిడ్డ కోసమని అటకెక్కించాం" అంది పెద్దమ్మ. కిటికీ లేని ఆ వంటింట్లో, ఏడో నెల కడుపుతో, చెమటలు కక్కుతూ గ్యాసు పొయ్యి ముందు నిలబడి వదిన నాకోసం కూర వేడి చేస్తోంది.